కొండ దిగిన డోలీలు, కొండెక్కిన జీపు

మంత్రసాని అప్ప పోయిందని ఆ ఊరి ఆశా కార్యకర్త ఫోన్ చేసి చెప్పింది. పెద్దకర్మకి వెళ్ళాను. సాలూరులో బస్సు దిగి ఆటో మాట్లాడుకుని, కొండల మొదట్లో ఉన్న ఆ ఊరు చేరేసరికి బాగా పొద్దెక్కింది. ఇంట్లో అడుగు పెట్టగానే సాంబ్రాణి వాసన వస్తుందనుకున్నాను. వచ్చింది పురిటి వాసన. వాము పొగ, వెల్లుల్లి వేసి కాచిన ఆముదం, పచ్చి పసుపు. అప్ప మనవరాలు పచ్చి బాలింత అట. ముసలావిడ పోవడానికి రెండు రోజుల ముందే మునిమనవడు పుట్టాడు. ఒకే ఇంట్లో అటు పురుడు, ఇటు మైల.

నా ఉద్యోగమంతా ఆ వాసనలోనే గడిచింది. అవతల భోజనాలకి పిలుస్తున్నా గుమ్మంలోనే కాసేపు నిలబడిపోయాను.

ఏఎన్ఎంగా, అంటే సబ్ సెంటర్ నర్సుగా, ఆ ఊరికి మొదటిసారి వచ్చేసరికి సమితులు పోయి మండలాలు వచ్చిన కొత్త. చేతిలో ఆర్డరు, వెంట మా నాన్న, ఒక ట్రంకు పెట్టె. సబ్ సెంటర్‌కి సొంత బిల్డింగు లేదు. పాత మునసబు గారి పశువుల శాల పక్కన పెంకుటిల్లు అద్దెకి తీసుకున్నారు. ముందు గది ఆసుపత్రి, వెనక గది నా కాపురం. మునసబు ఉద్యోగాలు రామారావు గారు తీసేసినా ఊళ్ళో ఆయన్ని మునసబు గారనే పిలిచేవారు. గోడ మీద ఎర్ర త్రికోణం, పక్కన నవ్వుతున్న నాలుగు మొహాలు, కింద 'ఇద్దరు ముద్దు, ఆపై వద్దు'. ఆ గోడ మీద కాన్పు గురించి ఒక్క అక్షరం లేదు. అప్పుడది నాకు తోచలేదు, చిన్నదాన్ని. ఇప్పుడు ఆ గోడే ముందు గుర్తొస్తుంది.

పొద్దున్నే కిరసనాయిలు స్టవ్వు పంపు కొట్టడంతో పని మొదలయ్యేది. స్టవ్వు బుస్సుమని అందుకోగానే స్టెరిలైజరు పెట్టి గాజు సిరంజీలు మరగబెట్టాలి. నీళ్ళు కాగుతుంటే అవి ఒకదానికొకటి తగిలి చేసే టకటక చప్పుడు ఇంటి బయటికి వినిపించేది. పిల్లలు ఆ చప్పుడు వినగానే పారిపోయేవారు. సూదులు మొద్దుబారితే రాయి మీద సానబట్టుకునేవాళ్ళం. వాడి పారేసే సిరంజీలు వచ్చింది చాలా కాలం తర్వాత.

సంచీలో టీటీ ఇంజెక్షన్లు, ఎర్రటి ఐరన్ మాత్రలు, మాలా-ఎన్ గర్భనిరోధక మాత్రల చీటీలు, నిరోధ్ పాకెట్లు, రక్తం చూసే సాహ్లీ గొట్టం. మైదానంలో అయిదు వేల మందికి ఒక సబ్ సెంటర్, కొండల్లో మూడు వేల మందికే ఒకటి అని లెక్క. వినడానికి కొండవాళ్ళకే మేలు చేసినట్టుంటుంది. ఆ మూడు వేల మందీ పది ఇళ్ళొకచోట, పాతిక ఇళ్ళొకచోట గూడేలుగా ఉంటారని, ఒక గూడెం నుంచి ఇంకో గూడేనికి పూట పడుతుందని ఆ లెక్క వేసినవాళ్ళకి ఎవరు చెప్పాలి? గర్భిణిని నెలకోసారి చూడాలని మాకు నేర్పారు. వానలు పట్టాక వాగు దాటి అవతలి గూడేలకి వెళ్ళడం నా వల్ల అయ్యేది కాదు, ఎవరి వల్లా అయ్యేది కాదు.

* * *

అప్పకి నేనంటే మొదట్లో గిట్టలేదు. ఆ చుట్టుపక్కల పిల్లలందరికీ బొడ్డు కోసింది ఆవిడే. కాన్పు చేసినందుకు కుంచెడు చోళ్ళు, ఒక పాత చీర ఇచ్చేవారు. మగపిల్లాడైతే కోడి. ఆవిడ కూతురి వయసు దాన్ని, పెళ్ళి కానిదాన్ని, "నర్సమ్మగోరు" అని వచ్చి కూర్చుంటే ఎవరికి మాత్రం ఒళ్ళు మండదు?

మమ్మల్ని కలిపింది ఫీటోస్కోపు. అల్యూమినియం బూర అది. ఒక వైపు కడుపు మీద పెట్టి, రెండోవైపు చెవి ఆనించి, చెయ్యి వదిలేసి వినాలి. చలికాలం పొద్దున్న ఆ లోహం చల్లగా తగిలితే గర్భిణి ఉలిక్కిపడుతుందని ముందు అరచేతుల మధ్య రుద్ది వెచ్చబెట్టేదాన్ని. అప్ప అది గమనించింది. ఒకరోజు నా పక్కకి వచ్చి "నానూ ఇంతాను" అంది. చెవి ఆనించింది. మొదట ఏమీ వినిపించలేదు. బూరని కొంచెం కిందికి జరిపి, బిడ్డ వీపు ఉన్న వైపు పెట్టాను. అప్ప మొహం మారిపోయింది. అన్నేళ్ళుగా చేత్తో తడిమి బిడ్డ తల ఎక్కడుందో, కాళ్ళెక్కడున్నాయో చెప్పగల మనిషి, బిడ్డ గుండె చప్పుడు వినడం అదే మొదటిసారి. "ఓలమ్మ, ఎక్కడో కొండవతల డప్పు కొట్టినట్టుందే" అంది. తర్వాత ఆ గర్భిణి అత్తగారు విన్నది, ఆడబిడ్డ విన్నది. కడుపుతో ఉన్న అమ్మాయి మాత్రం తన బిడ్డ చప్పుడు తను వినలేక "నాకేటీ నేదా?" అని అందర్నీ చూస్తూ పడుకుంది.

ఆ తర్వాత నేనూ అప్పా కలిసే వెళ్ళేవాళ్ళం. కొడవలి మానేసి కొత్త బ్లేడు వాడడం, సబ్బుతో మోచేతుల దాకా కడుక్కోవడం, దారం ఉడకబెట్టడం ఆవిడ నా దగ్గర నేర్చుకుంది. నొప్పులు పడుతున్నదాన్ని వెల్లకిలా పడుకోబెట్టకుండా, దూలానికి కట్టిన తాడు పట్టించి గొంతుకు కూర్చోబెట్టడం నేను ఆవిడ దగ్గర నేర్చుకున్నాను. మా ట్రైనింగులో అది మొరటు పద్ధతని చెప్పారు. నిటారుగా ఉంటే బిడ్డ తేలిగ్గా దిగుతుందని ఇప్పుడు పెద్ద పెద్ద ఆసుపత్రుల వాళ్ళే చెప్తున్నారు.

* * *

ఒక రాత్రి గురించి రాయకుండా ఉండలేను.

శ్రావణం. పైగూడెం నుంచి ఇద్దరు మగాళ్ళు టార్చి పట్టుకుని వచ్చి తలుపు కొట్టారు. మూడో కాన్పు, బిడ్డ పుట్టింది, మాయ పడలేదు. మేము ఎక్కి వెళ్ళేసరికే కింద పరిచిన గోనె తడిసిపోయి ఉంది. మెథర్జిన్ ఇంజెక్షన్ ఇచ్చాను. కడుపు మీద చెయ్యి వేసి గర్భసంచి గట్టిపడేదాకా రుద్దాను. కాసేపు ఆగినట్టే ఆగి మళ్ళీ మొదలైంది. అలా రక్తం పోతుంటే మనిషికి మహా అయితే రెండు గంటలని మాకు క్లాసులో చెప్పారు. ఆ రెండు గంటల్లో మేము కొండ కూడా దిగలేదు.

రెండు వెదురు బొంగులు, మధ్యలో దుప్పటి. నలుగురు మోస్తుంటే నలుగురు పక్కన నడిచారు, భుజం మార్చుకోవడానికి. వానకి దారి జారుతోంది. ముందువాడు "రాయుంది" అంటే వెనకవాడు "ఊఁ" అనేవాడు. దారి పొడవునా అదే మాట, అదే ఊఁ. డోలీ వంగినప్పుడల్లా ఆమె చెయ్యి బయటికి జారేది, అప్ప మళ్ళీ లోపల పెట్టేది. పసిబిడ్డ అప్ప రొమ్ముకి కట్టుకున్న గుడ్డలో ఉంది.

పీహెచ్‌సీకి, అదే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, చేరేసరికి వాచ్‌మన్ ఒక్కడే ఉన్నాడు. డాక్టరు గారు టౌన్లో కాపురం ఉంటారు, పొద్దున తొమ్మిదింటికి వస్తారు. ఉండి మాత్రం ఏం చేస్తారు? అక్కడ రక్తం ఎక్కించే వసతి లేదు. రక్తం కావాలంటే విజయనగరం వెళ్ళాలి, దాదాపు అరవై కిలోమీటర్లు. మెయిన్ రోడ్డు మీద నిలబడితే కోరాపుట్ వైపు నుంచి వచ్చే లారీ ఒకటి ఆగింది. డ్రైవరు మాటైనా మాట్లాడకుండా క్యాబిన్‌లో వెనక సీటు ఖాళీ చేసిచ్చాడు. రామభద్రపురం దాటాం. గజపతినగరం ఇంకా రానేలేదు. ఆమె "దాహం" అంది. అప్ప తడిగుడ్డ పెదాలకి ఆనించింది. అంతే.

ఆ లారీ డ్రైవరే బండి తిప్పి మమ్మల్ని వెనక్కి తెచ్చి దింపాడు. డబ్బులు తీసుకోలేదు.

అదే ఊళ్ళో అదే నెలలో మునసబు గారి కోడలికి నెలలు నిండాయి. తేదీకి నెల రోజుల ముందే కారు వచ్చింది. విశాఖపట్నంలో వాళ్ళ బంధువుల ఇంట్లో ఉంచి, దగ్గర్లోని నర్సింగ్ హోంలో పురుడు పోయించారు. వాళ్ళని నేను తప్పు పట్టను, కోడలి ప్రాణం కాపాడుకున్నారు. ఇంటికీ గూడేనికీ మధ్య ఉన్న దూరం నాలుగైదు కిలోమీటర్లు కూడా లేదు.

* * *

సంక్రాంతి వెళ్ళిందంటే మా ఉద్యోగం రంగు మారిపోయేది. మార్చి ఆఖరుకి లెక్కలు మూస్తారు. ఈలోగా 'కేసులు' పూర్తి చెయ్యాలి. కేసు అంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్‌కి ఒప్పుకున్న ఆడమనిషి. రివ్యూ మీటింగులో ఒక్కొక్కరినీ లేపి నిలబెట్టేవారు. ఎంతమంది గర్భిణుల్ని చూశావు, ఎన్ని కాన్పులు చేశావు, ఎంతమంది తల్లులు పోయారు అని అడిగినట్టు నాకు గుర్తు లేదు. "ఎన్ని కేసులు?" అదొక్కటే ప్రశ్న. తక్కువైతే జీతం ఆపేవారు. మాకే కాదు, బడి పంతుళ్ళకీ రెవెన్యూ వాళ్ళకీ కూడా కేసులు తెమ్మని చెప్పేవారు.

అలాంటి ఒక ఫిబ్రవరిలో పైగూడేనికి జీపు వెళ్ళింది. బండి రాదని అందరూ చెప్పే దారే. ముందు రోజు నలుగురు కూలీల్ని పెట్టి రాళ్ళు తీయించారు, వాగు దగ్గర దుంగలు వేయించారు. జీపు మూలుగుతూ ఎక్కి, గూడెం నడిబొడ్డున చింతచెట్టు కింద ఆగింది. ఆరుగురు ఆడవాళ్ళని ఎక్కించుకోవడానికి వచ్చింది. అక్కడ ఒక ముసలాయన ఉండేవాడు, ఆ శ్రావణంలో పోయిన అమ్మాయికి మామగారు. జీపు చుట్టూ ఒకసారి తిరిగి, టైరు మీద చెయ్యి వేసి, నన్ను అడిగాడు.

"పురిటికి రానేని జీపు దీనికెలాగొచ్చినాది నర్సమ్మగోరూ?"

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఎందరో పెద్ద ఆఫీసర్ల ఉపన్యాసాలు విన్నాను. ఆ ముసలాయన ప్రశ్నకి వాళ్ళెవరి దగ్గరా జవాబు దొరకలేదు.

క్యాంపు హైస్కూల్లో పెట్టేవారు. బెంచీలు బయట పడేసి, గదులు ఫినాయిలుతో కడిగి, ఒక గదిలో రెండు బల్లలు వేసేవారు. డబుల్ పంక్చర్ ఆపరేషన్ అది. కడుపు మీద రెండు చిన్న గాట్లు, మత్తు సూది, కడుపులోకి గాలి, గొట్టంతో చూసి రెండు నాళాలకీ చెరో రింగు. చెయ్యి తిరిగిన డాక్టరుకి మనిషికి అయిదు నిమిషాలు కూడా పట్టదు. ఒక్కరోజు ఒక్క డాక్టరు ముప్ఫైకి మించి చెయ్యకూడదని తర్వాత్తర్వాత నిబంధన పెట్టారు. అప్పట్లో రోజుకి వంద దాటినా గొప్పగా చెప్పుకునేవారు. బల్ల తలవైపు కిందికి వంచి ఉండేది. ఒకామె దిగుతుంటే ఒకామె ఎక్కేది. బయట వరండాలో టార్పాలిన్ మీద వరసగా పడుకోబెట్టేవాళ్ళం. ముందు రోజు రాత్రి నుంచి ఏమీ తినలేదు కదా, మత్తు వదులుతుంటే వాంతులు. పక్కనే అత్తగారో అమ్మో చంటిదాన్ని ఎత్తుకుని నిలబడేవారు. రొమ్ము పాలకి ఆ పిల్ల ఏడుపు, పాలు చీరలోంచి కారిపోతూ మత్తులో ఉన్న తల్లి. చాలామందికి ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళు. పదహారింట పెళ్ళి, ఇరవై దాటేసరికి ఇద్దరు పిల్లలు, ఆపరేషన్. ఆ వయసులో ఊళ్ళోని ఆడపిల్లలకి ఆ లెక్క అయిపోయేది.

మగవాళ్ళకి చేస్తే ఇంకా తేలిక, కడుపు తెరవక్కర్లేదు. కానీ ఎమర్జెన్సీలో 1976-77లో దేశంలో ఎనభై లక్షల పైచిలుకు ఆపరేషన్లు చేశారు, అందులో మగవాళ్ళే ఎక్కువ. బస్సులు ఆపి, సంతల్లో పట్టుకుని చేశారన్న భయం ఊరూరా పాకింది. ప్రభుత్వం ఓడిపోయింది. అంతటితో సర్కారు మగవాళ్ళ జోలికి పోవడం మానేసింది, భారం ఆడదాని మీదికి వచ్చి పడింది. "కావిడి మొయ్యాల, కొండెక్కాల, బలం పోద్ది" అని మొగుళ్ళు అనేవారు. బలం పోదని ఎన్నిసార్లు చెప్పానో. కావిడి వాళ్ళు మోస్తే, కట్టెల మోపు, నీళ్ళ బిందె, కడుపులో బిడ్డ ఆడది మోసేది. అది ఎవరి లెక్కలోకీ రాలేదు.

ఏడో రోజు కుట్లు తీయడానికి జీపు ఉండేది కాదు. కత్తెర, దూది, స్పిరిట్ సీసా సంచీలో పెట్టుకుని నేనే నడిచి ఎక్కేదాన్ని.

* * *

ఆపరేషన్లు అసలు వద్దని నేను అనడం లేదు. అది స్పష్టంగా చెప్పాలి. "ఇంక నావల్ల కాదు, చేయించీయండి" అని నా చేతులు పట్టుకున్నవాళ్ళు ఎంతమందో. అయిదుగురిని కని ఇద్దర్ని పూడ్చుకున్న మనిషికి ఆపరేషన్ నిజంగా విడుదలే. నా బాధంతా, అడగకుండా ఇంటికొచ్చింది అదొక్కటే అని. గ్యాప్ కావాలన్న అమ్మాయికి కాపర్-టి వేయాలంటే శుభ్రమైన గది, లైటు, బల్ల ఉండాలి. నా పెంకుటింట్లో కరెంటు సాయంత్రం పోతే ఎప్పుడొస్తుందో తెలియదు. మాలా-ఎన్ మాత్రలు రెండు నెలలు వచ్చి మూడో నెల రావు. ఆపరేషన్ సామాను మాత్రం ఏనాడూ తక్కువ కాలేదు.

ఇక వద్దనుకున్న కడుపు సంగతి. 1972 నుంచి గర్భస్రావం చట్టబద్ధమే. డాక్టరు, అనుమతి ఉన్న ఆసుపత్రి ఉండాలి. మా కొండల కింద అవి ఎక్కడున్నాయి? ఒకామె, నాలుగో కడుపు, మొగుడు వలస పోయి ఎనిమిది నెలలకొకసారి వస్తాడు. మూడో నెలలో నా దగ్గరికి వచ్చింది. దూరంగా ఉన్న ఒక సర్కారు ఆసుపత్రికి నేనే తీసుకెళ్ళాను. "కడుపు తీస్తాం, ఆపరేషన్‌కి కూడా ఒప్పుకుంటేనే" అన్నారు. చట్టంలో అలాంటి షరతు లేదు. ఆమెకి ఉన్న ముగ్గురు పిల్లల్లో ఒకడు మూర్ఛతో తీసుకుంటున్నాడు. "వాడేటవుతాడో తెల్దు, ఇప్పుడే తలుపు మూసీలేను" అంది. ఒప్పుకోలేదు. ఇద్దరం బస్సెక్కి వచ్చేశాం. వారం తర్వాత ఎవరి దగ్గరికి వెళ్ళిందో, ఏం పుల్ల పెట్టించుకుందో, జ్వరంతో ఒళ్ళు కాలిపోతుంటే అప్ప నన్ను పిలిచింది. బతికింది. మళ్ళీ కడుపు రాలేదు. ఆమె మూయొద్దన్న తలుపు అలా మూసుకుపోయింది.

* * *

1996 ఏప్రిల్ నుంచి టార్గెట్లు లేవని చెప్పారు. అంతకు ముందు రెండేళ్ళ కింద కైరోలో పెద్ద అంతర్జాతీయ సదస్సు జరిగిందని, జనాభా లెక్క కాదు, ఆడవాళ్ళ ఆరోగ్యం, ఇష్టం ముఖ్యమని అక్కడ తీర్మానించారని ట్రైనింగులో చెప్పారు. మేమందరం చప్పట్లు కొట్టాం. తర్వాతి నెల రివ్యూలో మళ్ళీ "ఎన్ని కేసులు?" అనే అడిగారు. పంచాయతీ ఎన్నికల్లో ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీ చెయ్యకూడదన్న నియమం అప్పటికే 1994 చట్టంలో వచ్చేసింది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే ఆ జీపు ఎంత దూరం వెళ్ళిందో తెలుస్తుంది. 2019-21 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన ఆడవాళ్ళలో, పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ళ వాళ్ళలో, 69.6 శాతం మందికి ఆపరేషన్ అయిపోయింది. దేశం మొత్తం మీద అది 37.9. మా రాష్ట్రంలో మాత్రలు, లూపు, నిరోధ్, మగవాళ్ళ ఆపరేషన్, అన్నీ కలిపినా రెండు శాతం లేవు. ఛత్తీస్‌గఢ్‌లో బిలాస్‌పూర్ దగ్గర 2014 నవంబరులో ఒకే డాక్టరు కొన్ని గంటల్లో 83 మందికి చేసిన క్యాంపు తర్వాత తల్లులు వరసగా చనిపోయారు. 2016లో సుప్రీంకోర్టు మూడేళ్ళలో క్యాంపులు ఆపెయ్యమంది. 2022 ఆగస్టులో హైదరాబాద్ దగ్గర ఇబ్రహీంపట్నంలో ఒక్కరోజు ఆపరేషన్లు చేయించుకున్న 34 మందిలో నలుగురు పోయారని టీవీలో చూసినప్పుడు నాకు ఆ హైస్కూలు వరండా, ఆ టార్పాలిన్ కళ్ళ ముందు కదిలాయి. ఆ నలుగురూ చిన్న పిల్లల తల్లులు.

ఇప్పుడేమో పిల్లలు తక్కువైపోయారు, కనండి అంటున్నారు. 2024 నవంబరులో ఇద్దరు పిల్లల నిబంధన మన అసెంబ్లీ తీసేసింది. తీసెయ్యడం మంచిదే. కానీ అప్పుడు వద్దన్నా, ఇప్పుడు కనమన్నా, "నీకేం కావాలమ్మా?" అని ఆ అమ్మాయిని అడిగింది ఎవరు?

మైదానం ఊళ్ళ సంగతి ఇంకో రకం. ఉద్యోగం చివర్లో అక్కడ పనిచేశాను. వరినాట్లకి వెళ్ళే ఆడవాళ్ళు, ముప్ఫై దాటీ దాటకుండానే "సంచి తీయించుకున్నాను నర్సమ్మా" అని చెప్పేవారు. తెల్లబట్ట, నడుము నొప్పి. పరీక్ష చేసి మందులిచ్చే లేడీ డాక్టరు దగ్గర్లో ఉండరు. టౌన్లో స్కానింగు తీసి, క్యాన్సర్ అవుతుందని భయపెట్టి, "పిల్లల ఆపరేషన్ అయిపోయిందిగా, ఇంక సంచి ఎందుకు?" అంటారు. పుస్తెలు తాకట్టు పెట్టి తీయించుకుంటారు. ఆ తర్వాత ఒళ్ళంతా ఆవిర్లు, ఎముకల నొప్పులు, మళ్ళీ డాక్టరు. 2015-16 సర్వేలో దేశంలో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళు 3.2 శాతం, ఆంధ్రలో 8.9, తెలంగాణలో 7.7.

నా మేనకోడలు హైదరాబాద్‌లో ఉంటుంది. నెలలు నిండకముందే డాక్టరు, పంతులు కలిసి పెద్దాపరేషన్‌కి ముహూర్తం ఖాయం చేశారు. తెలంగాణలో 2019-21లో కాన్పుల్లో 60.7 శాతం పెద్దాపరేషన్లే, ప్రైవేటులో అయితే వందకి ఎనభై పైన. పది, పదిహేను శాతానికి మించి అవసరం ఉండదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లోనే చెప్పింది. మేనకోడలి మంచం పక్కన కూర్చుని, ఆ రాత్రి లారీ క్యాబిన్‌లో పోయిన అమ్మాయికి ఒక్క సీసా రక్తం దొరికితే చాలేదని అనుకున్నాను. ఒకచోట కత్తి అక్కర్లేనివాళ్ళ మీదికి వస్తుంది, ఇంకోచోట కావాల్సినవాళ్ళకి అందదు. రెండూ ఒకే దేశంలో, ఒకే రోజున.

* * *

మారలేదని అంటే అబద్ధం. 2005లో 108 మొదలైంది, ఆశాలు వచ్చారు, ఆసుపత్రిలో కాన్పు అయితే చేతికి డబ్బులిచ్చారు. మెయిన్ రోడ్డు మీద మొదటిసారి 108 కూత విన్నప్పుడు అప్ప వాకిట్లోకి పరిగెత్తుకొచ్చింది. తొంభైల మొదట్లో రాష్ట్రంలో మూడింట ఒక వంతు కాన్పులే ఆసుపత్రుల్లో అయ్యేవి, ఇప్పుడు 96 శాతం పైనే. లక్ష కాన్పులకి తల్లుల మరణాలు 2018-20 నాటికి మన దగ్గర 45కి తగ్గాయి, దేశంలో 97. ఆ మిగిలిన మరణాలు ఎక్కువగా ఎవరివో కొండ కింద పనిచేసినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

అప్పకి పని పోయింది. బాధపడలేదు. గర్భిణులకి తోడుగా ఆసుపత్రికి వెళ్ళేది. వార్డు గుమ్మంలో సెక్యూరిటీ ఆపేసేవాడు. లోపల ఆ అమ్మాయి భాష తెలియని సిస్టర్లు "అరవకు" అని కసురుతుంటే బయట కిటికీ దగ్గర నిలబడి "నానిక్కడే ఉన్నానే" అని కేకేసేది. జీవితమంతా కాన్పులు చేసిన మనిషిని గుమ్మం బయట నిలబెట్టడం నాకిప్పటికీ మింగుడుపడదు. మా కొండ మనిషి కాన్పుకి భయపడి కాదు, ఆ కసురుకి భయపడి ఆసుపత్రికి రానన్న రోజులున్నాయి.

భోజనాలయ్యాక ఆశా, ఇప్పటి ఏఎన్ఎం నా పక్కన కూర్చున్నారు. పైగూడేల గర్భిణుల్ని నెలలు నిండేముందు సాలూరులో ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) వాళ్ళ వసతి గృహంలో ఉంచుతున్నారట. మంచి పని. కానీ ఇంట్లో మిగతా పిల్లల్ని ఎవరు చూస్తారని కొందరు వారానికే వెళ్ళిపోతున్నారట. పిల్లల్ని కూడా వెంట ఉండనిస్తే ఉంటారని ఏఎన్ఎం అంది. అప్ప మనవరాలు లోపల్నుంచి బిడ్డనెత్తుకుని వచ్చింది. ఇరవై ఏళ్ళుంటాయి. "నాకు అంతర సూది ఎప్పుడేస్తారు?" అని అందరి ముందూ అడిగింది. మూడు నెలలకోసారి వేసే గర్భనిరోధక ఇంజెక్షన్ అది, 2017 నుంచి సర్కారు ఉచితంగా ఇస్తోంది. ఆ వయసులో వాళ్ళమ్మని నేనే జీపెక్కించాను. ఈ పిల్ల తనకేం కావాలో పేరు పెట్టి అడుగుతోంటే నాకు ఎంత సంతోషమైందో రాయలేను.

ఆరు వారాలయ్యాక వేస్తానంది ఏఎన్ఎం. "ఈమెకైతే సరే, కిందుంది. పైగూడెంలో ముగ్గురు వేయించుకున్నారమ్మా, తర్వాతి డోసు శ్రావణంలో పడతాది. వాగు అలాగే ఉంది" అంది. ఆ వాగు మీద వంతెన లేదు. జీపు కోసం వేసిన దుంగలు ఆ ఏడాది వానలకే కొట్టుకుపోయాయి.

ఆశా లోపలికెళ్ళి తెల్లకాగితాలు తెచ్చింది. వాగు మీద వంతెన, పైగూడెంలో నర్సు ఉండేలా ఒక గది, వసతి గృహంలో గర్భిణితో పాటు పిల్లలకీ చోటు. మూడూ వరసగా రాసి కలెక్టరు గారి పేర అర్జీ తయారు చేశాం. ఏది ముందు రాయాలని కాసేపు వాదించుకున్నారు. వంతెనే ముందు రాయించారు. అప్ప కూతురు మొదటి వేలిముద్ర వేసింది. వచ్చే సోమవారం పార్వతీపురం గ్రీవెన్స్‌కి పదిమంది వెళ్తున్నారు. నన్నూ రమ్మన్నారు, వస్తానన్నాను.